చైతన్యం, మారిన మానసిక స్థితుల గురించి ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?

అమెరికన్ తత్వవేత్త, మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ రాసిన, 1902లో అచ్చయిన 'ద వెరైటీస్ ఆఫ్ రెలిజియస్ ఎక్స్‌పీరియన్స్'తో మొదలుపెట్టండి. మొత్తం అక్కర్లేదు, మిస్టిసిజం (పరమ సత్యాన్ని నేరుగా అనుభవించినట్టు అనిపించే మార్మిక అనుభవం) మీద ఉన్న 16, 17 ఉపన్యాసాలు ముందు చాలు. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే పాత పుస్తకాల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. జేమ్స్ అనుభవాన్ని వర్ణించడాన్నీ, దాన్ని నమ్మాలా వద్దా అన్న ప్రశ్ననూ కలిపేయరు. ఈ రంగంలో చాలా పుస్తకాలు దారితప్పేది సరిగ్గా అక్కడే. ఉదాహరణకు నైట్రస్ ఆక్సైడ్ అనే మత్తు వాయువు పీల్చినప్పుడు ఏదో లోతైన సత్యం తెలిసిపోయినట్టు ఉంటుందనీ, తెలివి రాగానే అది జారిపోతుందనీ, ఏవైనా మాటలు మిగిలితే అవి వట్టి అర్థంలేనివిగా తేలతాయనీ రాశారు. అలాంటి అనుభవాలను ఆయన సత్యానికి రుజువుగా చూపారని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. అనుభవించినవారికి అది ప్రమాణం కావచ్చు గానీ బయటివారు ఒప్పుకు తీరాల్సిన పనిలేదన్నారు. మెదడు పనితీరు కావాలంటే మాత్రం ఇటీవలి పుస్తకమే చూడాలి.