సెనేట్ హౌస్ దగ్గర మొదలుపెట్టకు

చి. అమ్మాయికి ఆశీస్సులు.

మద్రాసు విశ్వవిద్యాలయం చరిత్ర మీద నువ్వు రాస్తున్న పుస్తకం మొదటి అధ్యాయం చదివాను. వాక్యం నీ చేతిలో బాగానే నడుస్తోంది, ఆ దిగులు అక్కర్లేదు. నా పేచీ అంతా నువ్వు మొదలుపెట్టిన చోటుతోనే. మెరీనా గాలి, సెనేట్ హౌస్ గుమ్మటాలు, రంగుటద్దాలు, దాని వాస్తుశిల్పి రాబర్ట్ చిషోల్మ్ పనితనం. మద్రాసు విశ్వవిద్యాలయం మీద ఎవరు కలం పట్టినా ముందు వెళ్ళి ఆ మెట్ల మీదే కూర్చుంటారు. ఆ భవనం పూర్తయింది 1879లో. విశ్వవిద్యాలయ చట్టం వచ్చింది 1857 సెప్టెంబరు 5న. భవనం లేకుండా ఇరవై రెండేళ్ళు నడిచిన సంస్థను నువ్వు భవనంతో మొదలుపెట్టావు.

ఆ ఇరవై రెండేళ్ళూ అది చేసిన పనేమిటో రాస్తే అక్కడ నీకు కథ దొరుకుతుంది. లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో పెట్టారు కాబట్టి పాఠాలు చెప్పడం దాని పని కాదు. పరీక్ష పెట్టాలి, పట్టా ఇవ్వాలి, అంతే. రాజమండ్రి కుర్రవాడు రాజమండ్రిలో, బందరు కుర్రవాడు నోబుల్ కాలేజీలో, విజయనగరం కుర్రవాడు మహారాజావారి కాలేజీలో చదువుకున్నాడు. 1887 నుంచి హైదరాబాదు నిజాం కాలేజీ కూడా దీని కిందకే వచ్చింది. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం పుట్టేదాకా బెంగళూరు సెంట్రల్ కాలేజీ పిల్లలకూ పట్టా ఇక్కడిదే. వీళ్ళందరికీ యూనివర్సిటీ అంటే ఒక ప్రశ్నపత్రం, ఒక ఫలితాల జాబితా. నీ అధ్యాయంలో ఇదంతా ‘అనుబంధ కళాశాలలు’ అన్న ఒక్క మాటలో తేలిపోయింది.

ఆర్కైవ్స్‌లో కూర్చుంటే ఏం వెతకాలో తెలియడం లేదు, టెన్షన్‌గా ఉంది అని రాశావు. అక్కడ కొత్తగా కూర్చున్నవాళ్ళకు తీర్మానాలే ముందు కంటబడతాయి. ఫలానా తేదీన ఫలానా ఉత్తర్వు. అవి దొరికితే చరిత్ర దొరికినట్టే అనిపిస్తుంది. నీకు కావలసింది తీర్మానం కాదమ్మా, దానికి ముందు జరిగిన తగువు. ఎవరు అడిగారు, ఎవరు కాదన్నారు, అడిగినవాళ్ళకు చివరికి చేతికి వచ్చిందేమిటి. ప్రతి కాగితాన్నీ ఈ మూడు ప్రశ్నలతో పట్టుకో.

1839 సంగతే చూడు. ఆ ఏడు నవంబరు 11న గవర్నరు ఎల్ఫిన్‌స్టన్ చేతికి ఒక అర్జీ వెళ్ళింది. 70,000 మంది సంతకాలు. తీసుకెళ్ళి ఇచ్చింది అడ్వొకేట్ జనరల్ జార్జ్ నార్టన్. మద్రాసులో ఇంగ్లీషు కాలేజీ కావాలన్నది కోరిక. ఈ అంకెను నువ్వు బ్రాకెట్లలో పెట్టి ముందుకు వెళ్ళిపోయావు! జనం ఎక్కే రైలు లేదు, టెలిగ్రాఫ్ లేదు, అచ్చు పత్రికలు చదివేవాళ్ళు కొద్దిమంది. అలాంటి కాలంలో అన్ని సంతకాలంటే ఎన్ని అరుగుల మీద ఎన్ని మాటలు నడిచి ఉండాలి. అక్కడ ఆగు, నెమ్మదిగా రాయి. నార్టన్‌ను వదిలెయ్యకు. పచ్చయప్ప మొదలియారు వదిలిపోయిన ధర్మసొమ్ము బడులకు చేరేలా కోర్టులో పనిచేసినవాడూ ఆయనే. ఒక తెల్లదొర వకీలు ఈ ఊరి చదువుల్లో ఎందుకంత తలదూర్చాడన్నది మంచి ప్రశ్న.

అడిగినవాళ్ళకు చేతికి వచ్చింది చూస్తే నవ్వొస్తుంది. 1840 జనవరిలో నార్టన్ అధ్యక్షుడుగా ‘యూనివర్సిటీ బోర్డు’ ఏర్పడింది. 1841లో ఆ బోర్డు తెరిచింది ఒక హైస్కూలు! దాని పేరు యూనివర్సిటీ హైస్కూలు. కేంబ్రిడ్జిలో లెక్కలు చదివొచ్చిన ఈయర్ బర్టన్ పావెల్ దానికి పెద్ద. అదే తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీ అయింది. అంటే ఈ ఊళ్ళో విశ్వవిద్యాలయం కన్నా ముందే విశ్వవిద్యాలయం అన్న పేరు వచ్చింది. 1854లో, విశ్వవిద్యాలయాలు పెట్టమన్న చార్లెస్ ఉడ్ నివేదిక వచ్చాక గానీ అసలుది కదల్లేదు. ఉడ్ గురించి ఒక పేరా చాలు, అందరూ రాసేశారు.

ఈ మధ్యలో నువ్వు పూర్తిగా వదిలేసిన ఘట్టం ఒకటుంది. 1846లో గవర్నరు ట్వీడేల్, సర్కారు బడుల్లో బైబిలును పాఠ్యపుస్తకంగా పెట్టాలన్నాడు. ఊరు భగ్గుమంది. సభ పెట్టి, లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లకు అర్జీ పంపించారు. ఆ కదలికకు ముందు నిలబడ్డవాడు గాజుల లక్ష్మీనరసు శెట్టి, తెలుగు వర్తకుడు. 1844లో ‘క్రెసెంట్’ పత్రిక పెట్టాడు, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ పెట్టాడు. డైరెక్టర్లు ట్వీడేల్ మాట కాదన్నారు. చట్టం రావడానికి పదేళ్ళ ముందే, సర్కారు చదువు ఎవరి మతం చెప్పాలన్న తగువు ఈ ఊళ్ళో ఒక రౌండు ముగిసిపోయింది. నీ రెండో అధ్యాయం ఇదే అయితే బాగుంటుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. లక్ష్మీనరసు శెట్టి కనబడగానే మన సభల్లో వక్తలు ‘మద్రాసు మనది’ అని గొంతు పెంచుతారు. నువ్వా దారి పట్టకు. తెలుగువాళ్ళ పేర్లు ఏరి దండ గుచ్చితే అది సన్మానపత్రం అవుతుంది. ఈ విశ్వవిద్యాలయం మొదటి బి.ఎ. పట్టభద్రులిద్దరూ ఎవరో తెలుసుగా, సి.వై. దామోదరం పిళ్ళై, విశ్వనాథ పిళ్ళై, ఇద్దరూ సింహళం ఉత్తరపు కొసన ఉన్న యాళ్ప్పాణం (జాఫ్నా) నుంచి వచ్చిన తమిళులు. దామోదరం పిళ్ళై తర్వాత తాళపత్రాల్లో పడున్న ప్రాచీన తమిళ గ్రంథాలను పరిష్కరించి అచ్చు వేయించాడు. ఇంగ్లీషు పట్టా పుచ్చుకున్న మొదటివాడే సొంత భాష తాటాకుల వైపు తిరిగాడంటే, ఆ చదువు గురించి మనం చెప్పుకునే సులభమైన మాటలు కొన్ని మార్చుకోవాలి. నీకు తమిళం చదవడం వచ్చు, మా తరంలో చాలామందికి లేని వరం అది. వాడుకో.

చట్టం వచ్చిన సంవత్సరం గురించి ఒక ముక్క. 1857 సెప్టెంబరు మొదటివారమంటే ఢిల్లీ ఇంకా తిరుగుబాటుదార్ల చేతిలోనే ఉంది. ఆ గొడవలోనే కలకత్తాలో కూర్చుని మద్రాసుకు విశ్వవిద్యాలయం చట్టం చేశారు. కలకత్తా, బొంబాయిలకు అదే ఏడు జనవరిలో, జూలైలో అయిపోయింది. దీన్నుంచి పెద్ద సిద్ధాంతం లాగకు, ఆ పని పీహెచ్‌డీ వాళ్ళు చేస్తారు. తేదీలు రెండూ పక్కపక్కన పెట్టు చాలు.

ఇక పని సంగతి. ఎగ్మోర్ స్టేషన్ ఎదురుగా గాంధీ ఇర్విన్ రోడ్డులో ఉన్న తమిళనాడు ఆర్కైవ్స్ అంటే పాత మద్రాసు రికార్డ్ ఆఫీసే. 1857కు ముందటివి పబ్లిక్ డిపార్ట్‌మెంట్ కాగితాల్లో వెతుక్కో. సూచీ చూసి, చీటీ రాసి ఇచ్చి, అటెండరు తెచ్చేదాకా కూర్చోవాలి. ఒక్కోసారి ‘లేదు’ అని ఒక్క మాట తెస్తాడు. విసుక్కోకు, పక్క ఏడాది సూచీ కూడా చూడు. పెన్ను ఇంట్లో పెట్టి పెన్సిల్ పట్టుకెళ్ళు. ఫొటోలకు పర్మిషన్ దొరికినా చేత్తో ఎత్తి రాసుకో, ఫోన్‌లో పడ్డది మళ్ళీ మనం చదవం.

వీటన్నిటికన్నా ముందు యూనివర్సిటీ క్యాలెండర్లు తిరగెయ్. ఏటేటా అచ్చయిన లావుపాటి పుస్తకాలు. వాటిని ఎవరూ ఇష్టపడి చదవరు, నేను మాత్రం నవల చదివినట్టు చదువుతాను. నిబంధనలు, పాఠ్యగ్రంథాలు, పాసైనవాళ్ళ పేర్లు, పక్కన కాలేజీ, ప్రశ్నపత్రాలతో సహా అన్నీ ఉంటాయి. కాకినాడలో కూర్చున్న పద్దెనిమిదేళ్ళవాడిని ఇంగ్లండు రాజుల గురించి ఏమడిగారో, తెలుగు పేపర్లో ఏ పద్యానికి అర్థం రాయమన్నారో ఒక పేజీ ఎత్తి చూపిస్తే, నీ వర్ణన పది పేజీలు అక్కర్లేదు. స్నాతకోత్సవ ఉపన్యాసాల జోలికి ఎక్కువగా వెళ్ళకు. అన్నీ ఒకే ఉపన్యాసంలా ఉంటాయి.

తెలుగు పాఠకుడు నీ పుస్తకంలో ఆశగా వెతికే చోటు 1911 తర్వాతది. గురజాడ అప్పారావు 1886లో విజయనగరం నుంచి ఈ విశ్వవిద్యాలయం బి.ఎ. పాసయ్యారు. 1911లో అదే విశ్వవిద్యాలయం ఆయన్ను పాఠ్యాంశాలు చూసే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లోకి తీసుకుంది. వ్యాసరచన పరీక్షలో పిల్లలు గ్రాంథికమే రాయాలా, వాడుక భాష రాయవచ్చా అన్న పేచీ అప్పటికి ముదిరింది. గిడుగు రామమూర్తి వాడుక వైపు, జయంతి రామయ్య పంతులు గ్రాంథికం వైపు. ఈ పేచీ తేల్చడానికి వేసిన కమిటీ గ్రాంథికం వైపు మొగ్గితే, గురజాడ 1914లో అసమ్మతి పత్రం రాసిచ్చారు. వాడుక తెలుగు కోసం రాసిన ఆ పెద్ద వాదన ఇంగ్లీషులో ఉంది, యూనివర్సిటీ కాగితం నడిచేది ఇంగ్లీషులోనే మరి. 1915 నవంబరు 30న ఆయన పోయారు. పరీక్షలో అప్పటికి నెగ్గింది గ్రాంథికమే. ఇప్పుడు మనం ఏ తెలుగులో ఉత్తరాలు రాసుకుంటున్నామో చూడు.

ఈ ఘట్టం రాసేటప్పుడు రామయ్య పంతులు గారిని విలన్ చెయ్యకు. ఆయన వైపు కాగితాలు కూడా అంతే శ్రద్ధగా చదువు. ఆయన భయం ఒట్టి మొండితనం కాదు. జిల్లాకో తెలుగు అయితే పుస్తకం ఏ తెలుగులో ఉండాలన్నది అప్పటికి నిజమైన ప్రశ్నే. చివరికి ఓడినవాడి వాదన బలంగా కనబడితేనే గెలిచినవాడి గెలుపుకు రుచి.

కల్పన గురించి అడిగావు. నీది చరిత్ర అయితే, కాగితంలో లేని సంభాషణ రాయకు. లక్ష్మీనరసు శెట్టి ‘కన్నెర్ర చేశాడు’ అని నీ నోట్సులో చూశాను. చేశాడని నీకెవరు చెప్పారు? సభ జరిగింది, అర్జీ వెళ్ళింది, జవాబు వచ్చింది. ఆ మూడూ సరిగ్గా పేర్చు, కోపం పాఠకుడికే తెలుస్తుంది. లేదు, నాకు కన్నెర్ర కావాలంటావా, నవల రాయి, ఆ మాట అట్ట మీదే చెప్పు. రెంటికీ మధ్య ఊగే పుస్తకాలు మనకు చాలానే ఉన్నాయి.

ముగింపు 1926 దగ్గర పెడతానన్నావు. ఆంధ్ర విశ్వవిద్యాలయం బెజవాడలో మొదలైన ఏడు. చూడ్డానికి చక్కగా ఉంటుంది. పైగా అప్పుడు మద్రాసుకు వైస్ ఛాన్సలర్ మన రఘుపతి వెంకటరత్నం నాయుడు గారే, 1925 నుంచి 1928 దాకా. తెలుగు జిల్లాలు విడిపోతున్నప్పుడు మాతృసంస్థ కుర్చీలో తెలుగాయన ఉండడం ఏ రచయితకైనా నోరూరించేదే. అది రాయి. కానీ అక్కడ ఆపకు. మీ అమ్మగారిది అనంతపురం వైపు కదా. రాయలసీమ కాలేజీలు మళ్ళీ మద్రాసు వైపే ఉండిపోయాయి, 1954లో తిరుపతిలో శ్రీవెంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చేదాకా. కోస్తా సర్కారు జిల్లాలవాళ్ళు రాసిన చరిత్రల్లో ఈ ముక్క ఎగిరిపోతుంటుంది. ఎందుకలా ఉండిపోయారన్న తగువుకు కాగితాలు శాసనసభ చర్చల్లో ఉంటాయి. కన్నెమరా లైబ్రరీలో అడుగు, ఎగ్మోర్ నుంచి నడిచేంత దూరమే.

ముందు 1846 అధ్యాయం రాసి పంపు. సెనేట్ హౌస్ పేజీలు చించెయ్యనక్కర్లేదు, 1879 వచ్చినప్పుడు వాటిని ఒక పేజీకి కుదించి అక్కడ పెట్టుకో.

ఇట్లు
మీ మాస్టారు
చెన్నై