తాబేలు తొట్టికి వేడి ఎంత, ఎలా?

ప్రశ్న: మా అబ్బాయి ముచ్చటపడితే అక్వేరియం దుకాణంలో రెడ్ ఇయర్డ్ స్లైడర్ తాబేలు పిల్లను కొన్నాము. రెండడుగుల గాజు తొట్టిలో సగం వరకు నీళ్ళు పోసి పెంచుతున్నాము. తుపాను ముసురు పట్టినప్పటి నుంచి అది తిండి ముట్టడం లేదు, నీటి పైన ఉంచిన బల్ల మీదికి ఎక్కడం లేదు. వేడి కోసం పైన ఎల్‌ఈడీ బల్బు పెట్టాము. దుకాణదారు 200 వాట్ల హీటరు వేయమంటున్నారు. రాత్రంతా వేసి ఉంచవచ్చా? కరెంటు షాకు కొడుతుందేమోనని భయంగా ఉంది.
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: తాబేలు తన ఒంటికి కావలసిన వేడిని తానుగా పుట్టించుకోలేదు, చుట్టూ ఉన్న నీటి నుంచి, ఎండ నుంచి తీసుకుంటుంది. నీరు చల్లబడితే తిన్నది అరగదు కనుక తిండి మానేస్తుంది. మన కోస్తాలో చలి తక్కువే అయినా, ముసురు పట్టి రోజుల తరబడి ఎండ కానరానప్పుడు గాజు తొట్టిలోని కొద్దిపాటి నీరు తొందరగా చల్లారిపోతుంది. మీ తాబేలు నిరాహారానికి ఇదే కారణం కావచ్చు. అయితే చేత్తో ముట్టుకుని చూసి నిర్ణయించకండి, ముందు ఒక థర్మామీటరు కొనండి. అక్వేరియం దుకాణంలో దొరకకపోతే రొయ్యల చెరువుల సామగ్రి అమ్మేచోట అడగండి. స్లైడర్ పిల్లకు నీరు 25 నుంచి 28 డిగ్రీల సెల్సియస్ మధ్య, ఎక్కి ఒళ్ళు కాచుకునే బల్ల మీద 30 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలి. ఈ తేడా చాలా ముఖ్యం. వేడి కావలసినప్పుడు బల్ల ఎక్కి, చాలనుకున్నప్పుడు నీళ్ళలోకి దిగే వీలుంటేనే తాబేలు తన ఒంటి వేడిని సర్దుకోగలుగుతుంది. తొట్టి అంతటా ఒకే వేడి ఉంటే దానికి ఆ వీలుండదు.

ఎల్‌ఈడీ బల్బు వెలుతురు ఇస్తుంది గానీ కిందనున్న జీవికి వేడి అందించదు. బల్లకు పైన 50 వాట్ల హాలోజన్ బల్బును పింగాణీ హోల్డరులో బిగించండి, ప్లాస్టిక్ హోల్డరు ఆ వేడికి కరిగిపోతుంది. బల్బు జారి నీళ్ళలో పడితే ఘోరం జరుగుతుంది కనుక క్లిప్పును ఒక్కదాన్నే నమ్ముకోకుండా గొలుసుతో కూడా కట్టండి. సుమారు అడుగు ఎత్తున మొదలుపెట్టి, గంట తరువాత తాబేలు వీపు తగిలే ఎత్తులో థర్మామీటరు ఉంచి చూసి, దాన్నిబట్టి బల్బును పైకో కిందికో జరపండి. పగలు పది పన్నెండు గంటలు వెలిగితే చాలు, రాత్రి ఆపివేయాలి. డొప్ప గట్టిపడటానికి కావలసిన యూవీబీ (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత) కిరణాలు హాలోజన్ నుంచి రావు. అందుకు వేరే యూవీబీ ట్యూబు పెట్టాలి. దానికీ తాబేలుకూ మధ్య గాజు అడ్డం ఉంటే ఆ కిరణాలు కిందికి దిగవు. ఎండ మంచిదే గానీ, గాజు తొట్టిని మాత్రం ఎన్నడూ ఎండలో పెట్టకండి, లోపల వేడి చిక్కుకుని ప్రాణం మీదికి వస్తుంది.

ఇక హీటరు సంగతి. మీ తొట్టిలో ఉన్నది పాతిక ముప్పై లీటర్ల నీరు, దానికి 50 వాట్లు సరిపోతాయి. 200 వాట్లది వద్దని గట్టిగా చెబుతున్నాను. హీటరు లోపలి థర్మోస్టాట్ (వేడి చాలగానే కరెంటు ఆపే భాగం) ఎప్పుడైనా పాడై కరెంటు ఆపకపోతే, చిన్నది నీటిని మెల్లగా వేడెక్కిస్తుంది కనుక మీరు గమనించే వ్యవధి ఉంటుంది, పెద్దదైతే తెల్లవారేసరికి తాబేలు ఉడికిపోతుంది. రాత్రంతా వేసి ఉంచవచ్చు, అయితే విడిగా దొరికే థర్మోస్టాట్ కంట్రోలరు ద్వారానే వేయండి. తాబేలు ఢీకొని గాజు గొట్టాన్ని పగలగొట్టకుండా హీటరుకు జాలీ తొడుగు ఉండాలి.

షాకు గురించి మీ భయం సమంజసమైనదే. ఇంటి వైరింగులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే పరికరం), సరైన ఎర్త్ ఉన్నాయో లేవో ఎలక్ట్రీషియన్‌తో చూపించాకే హీటరు వేయండి. వైరు ప్లగ్గు కంటే కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్ళేలా అమర్చితే, వైరు వెంట జారిన నీటిచుక్క ఆ వంపు దగ్గరే కింద పడుతుంది, సాకెట్టులోకి చేరదు. నీళ్ళు మార్చేటప్పుడు, తొట్టిలో చెయ్యి పెట్టేటప్పుడు స్విచ్చి ఆపడంతో సరిపెట్టక ప్లగ్గు పీకేయాలి. పీకి పావుగంట ఆగి హీటరు చల్లారాకే నీళ్ళు తీయండి, లేకపోతే వేడిగా ఉన్న గాజు గాలి తగిలి పగులుతుంది. ఈ పని పిల్లవాడి చేత చేయించవద్దు.

నీరు, బల్ల సరైన వేడిలో ఉన్నా రెండు మూడు రోజుల్లో తిండికి రాకపోతే, లేదా ఒక పక్కకు ఒరిగి తేలుతున్నా, ముక్కు దగ్గర బుడగలు వస్తున్నా, నోరు తెరిచి శ్వాస తీస్తున్నా అది ఊపిరితిత్తుల జబ్బు లక్షణం కావచ్చు. ఇంట్లో ఇంకాస్త వేడి పెంచి చూద్దామనుకోకుండా వెంటనే పశువైద్యులకు చూపండి. దగ్గరలో తాబేళ్ళకు వైద్యం చేసేవారు లేకపోతే తిరుపతి పశువైద్య కళాశాలలో అడగవచ్చు.

ప్రశ్న: మాదీ స్లైడర్ తాబేలే. మే నెలలో కూడా దీపం, హీటరు అవసరమా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: హీటరు అవసరం లేదు, మార్చి నెలకే తీసి పక్కన పెట్టవచ్చు. యూవీబీ ట్యూబు మాత్రం ఏడాది పొడవునా వెలగాలి. హాలోజన్ దీపాన్ని పొద్దున చల్లగా ఉన్నప్పుడు వేసి, బల్ల మీద 35 డిగ్రీలు దాటగానే ఆపేయండి. రోహిణి కార్తెలో మన ఇళ్ళల్లో అసలు భయం అతి వేడి గురించే. నీరు 30 డిగ్రీలు దాటుతుంటే తొట్టిని పడమటి గోడకు, కిటికీకి దూరంగా జరిపి, నీటిమట్టం పెంచి, నీటి మీదుగా ఫ్యాను గాలి తగిలేలా చూడండి. ఐసు గడ్డలు వేయవద్దు, ఒక్కసారిగా వేడి మారడం తాబేలుకు కీడు. మేడ మీది ట్యాంకు నీళ్ళు మధ్యాహ్నానికి కాగిపోయి ఉంటాయి కనుక నీళ్ళు మార్చే పనిని తెల్లవారుజామున పెట్టుకుని, పోసే ముందు ఆ నీటిలోనూ ఒకసారి థర్మామీటరు ముంచి చూడండి.