ఎదిగే వయసు కథ, మిస్టరీ: రెండూ ఒకే సినిమాలో నిలబడాలంటే ఏం చేయాలి?

మీరు అడిగింది ఇది: పధ్నాలుగేళ్ళ పిల్ల చెప్పే మిస్టరీ నవలని సినిమాగా రాస్తున్నారు. రహస్యం మీద దృష్టి పెడితే ఆ పిల్ల ఎదుగుదల పక్కకి పోతోంది, ఎదుగుదల మీద పెడితే టెన్షన్ సడలిపోతోంది. వాయిస్ ఓవర్ వాడొచ్చా అని కూడా అడిగారు. ఇలాంటి నవలనే ఒకదాన్ని, రాసిన రచయిత్రితో కలిసి కూర్చుని, స్క్రిప్టుగా మార్చాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

రెండింటినీ రెండు ట్రాకులుగా రాసుకున్నంత కాలం మీ ఇబ్బంది తీరదు. మేం పెట్టుకున్న నియమం ఒక్కటే: ఒక ఆధారం దొరికిన ప్రతిసారీ ఆ పిల్ల ఏదో ఒక నమ్మకం పోగొట్టుకోవాలి. గోడకి రెండు రంగుల కార్డులు అంటించాం. పసుపు కార్డు మీద ఆధారం. దాని కింద నీలం కార్డు మీద, ఆ ఆధారం వల్ల ఆమెకి ఎవరి మీద నమ్మకం పోయింది, ఎవరితో అబద్ధం ఆడాల్సి వచ్చింది. కింద నీలం కార్డు లేని పసుపు కార్డులు తీసేశాం. అలా కొన్ని చాలా తెలివైన క్లూలు పోయాయి. రచయిత్రి బాధపడింది, నాకూ మనసొప్పలేదు. కానీ అవి ఏ పోలీసు కథలోనైనా ఇమిడిపోయే క్లూలు, ఆ పిల్లవి కావు.

ఒక సీను చెబుతాను. వాళ్ళ వీధిలో ఉండే కుర్రాడు రాత్రికి రాత్రి కనపడకుండా పోతాడు. తన అన్నకి ఇందులో ఏదో సంబంధం ఉందని ఆమెకి అనుమానం. నవల్లో ఆ అనుమానం పేజీల కొద్దీ నడుస్తుంది, చదవడానికి ఎంతో బాగుంటుంది, తెర మీద మాత్రం చూపించడానికి ఏమీ ఉండదు. స్క్రిప్టులో ఇలా రాశాం: పొద్దున్నే ఆమె తన సైకిల్ ఎక్కబోతుంది, కాలు నేలకి అందదు. సీటు పైకి లేపి ఉంది. ఒక్క క్షణం ఇంటి కిటికీ వైపు చూస్తుంది. తర్వాత బోల్టు వదులు చేసి, సీటు కిందికి దించి, మళ్ళీ గట్టిగా బిగిస్తుంది. అమ్మ బయటికి వచ్చేసరికి సైకిల్ ఎప్పటిలాగే ఉంటుంది. మాట ఒక్కటీ లేదు. రాత్రి అన్న ఆ సైకిల్ మీద బయటికి వెళ్ళాడని ప్రేక్షకుడికి అర్థమవుతుంది, ఈ పిల్ల దాన్ని దాచడానికి నిర్ణయించుకుందని కూడా అర్థమవుతుంది. మీ నవల్లో అనుమానాన్ని మోసే ఇలాంటి వస్తువు కోసం వెతకండి, తప్పకుండా ఎక్కడో ఉంటుంది.

చూసే కోణం గురించి. ఆ పిల్ల లేని సీను ఒక్కటి కూడా రాయలేదు. దానివల్ల ప్రేక్షకుడికి తెలిసేదీ ఆమెకి తెలిసేదీ ఒకటే అవుతుంది, దొంగచాటుగా ఏదీ దాచినట్టు ఉండదు. అయితే హాల్లో కూర్చున్నవాళ్ళు పెద్దవాళ్ళు. మెట్ల మీద నుంచి ఆమెకి అమ్మ చెయ్యి తలుపుని గట్టిగా పట్టుకోవడం మాత్రమే కనిపిస్తే చాలు, గుమ్మంలో పోలీసు ఏం చెప్పి ఉంటాడో వాళ్ళు ఊహించేస్తారు. ఆమె ఇంకా ఊహించలేదు. ఆమెకి ఎప్పుడు తెలుస్తుందో అన్న ఆదుర్దా చివరి దాకా నడుస్తుంది. మీకు కావాల్సిన టెన్షన్ ఇక్కడ దొరుకుతుంది, నేరస్థుడు ఎవరన్న ప్రశ్న ఒక్కటే దాన్ని మోయక్కర్లేదు.

వాయిస్ ఓవర్ వాడొచ్చు, ఒక షరతు మీద. మీ నవల్లో కథ చెప్పేది పెద్దయిన మనిషైతే ఆమెకి మొదటి వాక్యం నుంచే నిజం తెలుసు. పుస్తకంలో ఆ సంగతి పాఠకుడు పట్టించుకోడు. తెర మీద మాత్రం, అన్నీ తెలిసిన గొంతు గంటన్నర సేపు నిజం దాస్తుంటే చిరాకొస్తుంది. అందుకే మేం ఆ గొంతుని మొదట్లో కాసేపు వినిపించి, నిజం బయటపడ్డాకే మళ్ళీ తెచ్చాం. ముఖంలో కనపడుతున్న భావాన్ని మాటల్లో చెప్పే లైన్లన్నీ కొట్టేశాం.

స్క్రిప్టులో ఒక పేజీ అంటే తెర మీద దాదాపు ఒక నిమిషం అని లెక్క. నూట ఇరవై పేజీలు దాటితే కష్టం, అందుకని అనుమానితుల్ని తగ్గించక తప్పదు. పాఠకుడు వెనక్కి తిప్పి చూసుకోగలడు, హాల్లో కూర్చున్నవాడికి ఆ వీలు లేదు. ముఖ్యమైన వస్తువేదైనా రెండుసార్లు కనపడాలి: మొదటిసారి మామూలుగా, రెండోసారి అర్థంతో. కథ ముందుకి నడవని సీన్లన్నీ కోసేయమని మీకు చాలామంది చెబుతారు. ఒక్కటైనా పొడుగ్గా ఉంచండి. స్నేహితులు ఊరికే కాలక్షేపం చేసే ఆ మధ్యాహ్నం లేకపోతే తర్వాత వాళ్ళు విడిపోయినప్పుడు ఎవరికీ ఏమీ అనిపించదు.

ముగింపు దగ్గర మూలకథని మార్చడానికి భయపడకండి. స్టీఫెన్ కింగ్ 1982లో వేసిన 'ది బాడీ'లో, చనిపోయిన కుర్రాడి శవాన్ని వెతుక్కుంటూ వెళ్ళిన పిల్లల్లో, రౌడీలకి ఎదురు నిలబడి తుపాకి పట్టేది క్రిస్. 1986లో రాబ్ రైనర్ దాన్ని 'స్టాండ్ బై మి'గా తీసినప్పుడు ఆ తుపాకి కథ చెప్పే గోర్డీ చేతికి వచ్చింది. చిన్న మార్పే, కానీ ఎదిగింది ఎవరో ఆ ఒక్క షాటులో తేలిపోయింది. మీ కథలోనూ నిజం తెలిశాక ఆ పిల్ల ఏం చేస్తుందన్నదే క్లైమాక్స్. చెబుతుందా, దాస్తుందా? దానికి కనీసం పది పన్నెండు పేజీలు మిగుల్చుకోండి.

నవల మీది కాకపోతే, ఇంకేమీ రాయకముందే హక్కుల ఒప్పందం కాగితం మీద పెట్టుకోండి. రచయిత మార్పులకి ఎంతవరకు ఒప్పుకుంటారో అందులోనే ఉండాలి.

కథ ఎన్నేళ్ళలో జరుగుతుందో కూడా చూసుకోండి. హార్పర్ లీ 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్'లో సుమారు మూడేళ్ళ కథని, 1962 సినిమా కోసం హార్టన్ ఫుట్ దాదాపు ఏడాదిలోకి కుదించాడు, దానికి ఆయనకి ఆస్కార్ కూడా వచ్చింది. అలా కుదిస్తే కథ బిగుస్తుంది, ఒకే పాత్రకి ఇద్దరు నటుల్ని వెతికే పనీ తప్పుతుంది. ఈ వయసు పిల్లలు కొన్ని నెలల్లోనే పొడుగైపోతారు, మగపిల్లల గొంతు మారిపోతుంది. వాళ్ళ సీన్లన్నీ ఒకే విడతలో తీసేలా ప్లాన్ చేయించండి. తర్వాత రీషూట్ తప్పదనిపిస్తే ముఖం కనపడని షాట్లే దానికి వదలండి: చేతులు, వస్తువులు, వెనక నుంచి నడక.