బుల్‌పెన్‌కి మారిన మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

బేస్‌బాల్ మ్యాచ్ మొదలుపెట్టే పిచర్ (స్టార్టర్) స్థానం నుంచి తీసేసి, మధ్యలో దిగే పిచర్లుండే బుల్‌పెన్‌లో కూర్చోబెట్టారని దిగులుపడుతున్నావని అక్క చెప్పింది. ఎడమచేతి వాటానికి గిరాకీ అక్కడే నాన్నా. నీలాంటి ఎడమచేతి పిచరే జెస్సీ ఒరోస్కో, 1979–2003 మధ్య మేజర్ లీగ్ (మేజర్స్)లో తొమ్మిది జట్లు తిరిగి 1,252 మ్యాచ్‌లు ఆడాడు. పిచర్లలో అత్యధిక మ్యాచ్‌ల రికార్డు ఇప్పటికీ ఆయనదే.

కాకపోతే ఒక్క ఎడమచేతి బ్యాటర్‌ కోసం దిగి, అవుట్ చేసి వెళ్లిపోయే ఉద్యోగం ఇప్పుడు లేదు. 2020 నుంచి కనీసం ముగ్గురు బ్యాటర్లకైనా బంతులు వెయ్యాలి, లేదా ఆ సగం ఇన్నింగ్స్ ముగియాలి. నువ్వు దిగగానే అవతలి మేనేజర్ కుడిచేతి వాళ్లను బెంచీ మీంచి లేపుతాడు. పక్కకు తిరిగే నీ స్లైడర్ బంతి వాళ్ల వైపుకే వస్తుంది, చితక్కొడతారు.

అందుకే చేంజప్ నేర్చుకో, ఫాస్ట్‌బాల్‌లా కనిపించి నెమ్మదిగా వచ్చే బంతి అది. ఫాస్ట్‌బాల్ కన్నా గంటకు 8–10 మైళ్లు తగ్గాలి, చెయ్యి వేగం మాత్రం తగ్గకూడదు. చెయ్యి నెమ్మదిస్తే బ్యాటర్‌కి ముందే తెలిసిపోతుంది. ఇంకో దొంగ ఉంది, గ్లవ్! అందులో చేంజప్ పట్టు కోసం వేళ్లు వెతుకుతుంటే గ్లవ్ విచ్చుకుంటుంది. ఎదురుగా ఉన్నవాడికి అది చాలు. ప్రతిసారీ చేంజప్ పట్టుతోనే మొదలుపెట్టి, అవసరమైతే ఫాస్ట్‌బాల్‌కి మార్చుకో. అద్దం ముందు రోజూ ఇరవై సార్లు చెయ్యి.

ఫస్ట్ బేస్ రన్నర్ నీ కళ్లెదుటే ఉంటాడని అతన్ని అవుట్ చెయ్యడానికి బేస్‌కి ఊరికే బంతులు (పికాఫ్‌లు) విసరకు. ఒక్కో బ్యాటర్‌కి రెండుసార్లే వీలు. మూడోసారి విసిరి అవుట్ చెయ్యలేకపోతే బాక్, అంటే పిచర్ తప్పు, రన్నర్‌కి ఒక బేస్ ఊరికే ఇస్తారు.

ఇక కాగితాల సంగతి. ఊళ్లు తిప్పేది అవే. మేజర్ లీగ్ జట్టు 40 మంది జాబితాలో చేరాక మామూలుగా మూడు ఆప్షన్ సంవత్సరాలు. ఆ సంవత్సరాల్లో సీజన్‌కి ఐదుసార్ల దాకా మైనర్స్‌కి, అంటే కింది లీగ్‌లకి, దించొచ్చు. అవి అయిపోతే వెయివర్స్ దాటించకుండా, అంటే నిన్ను తీసుకునే అవకాశం ముందు మిగతా జట్లకు ఇవ్వకుండా, దించలేరు. 'డీఎఫ్ఏ' చేశామంటే, అంటే ఆ 40 మంది జాబితా నుంచి తీసేశామంటే, కంగారుపడకు. వారంలోగా ట్రేడ్, వెయివర్స్, విడుదల, ఏదో ఒకటి తేలాలి. జాబితాలోంచి తీసి మైనర్స్‌కి పంపడం (అవుట్‌రైట్) మొదటిసారి అయితే మామూలుగా వెళ్లాల్సిందే. రెండోసారి కాదని, ఏ జట్టులోనైనా చేరగల ఫ్రీ ఏజెంట్‌ అయిపోవచ్చు.

మేజర్స్‌లో ఉన్న రోజులు క్యాలెండర్‌లో నువ్వే రాసుకో. 43 రోజులకు పెన్షన్ హక్కు వస్తుంది, 172 అయితే పూర్తి ఏడాది సర్వీసు. ఏ రాష్ట్రంలో ఎన్నాళ్లు ఆడావో కూడా రాయి, పన్నుల వేళ అడుగుతారు.

గదికి ఏడాది అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టకు, నెలవారీదే చూసుకో. విమానమెక్కేటప్పుడు గ్లవ్, స్పైక్‌లు చేతిసంచిలోనే ఉండాలి. పెద్ద బ్యాగ్ రేపొచ్చినా, ఆ రాత్రే నిన్ను దించొచ్చు.