ఐక్యత కోసం పాటుపడిన థియాలజీ సార్‌ని ఎలా గౌరవించుకోవాలి?

క్రైస్తవ సంఘాల మధ్య ఐక్యత కోసం జీవితమంతా పనిచేసిన మీ థియాలజీ సార్ వచ్చే ఏడాది రిటైర్ అవుతున్నారని, పాత విద్యార్థులంతా కలిసి సభ పెట్టాలా, అభినందన సంచిక తేవాలా అని అడిగారు. మేం కొన్నేళ్ల కిందట మా సార్ కోసం రెండూ చేశాం. చేతిలో ఏడాది ఉంది కాబట్టి సంచిక తప్పకుండా తెండి. ఆయన క్లాసులో మా చేత చేయించిన పనే ఆ సంచిక మా చేత మళ్లీ చేయించింది.

అదేమిటో చెప్తాను. నేను బాప్టిస్టు కుటుంబంలో పెరిగాను. నమ్మి, నోటితో ఒప్పుకున్నవాళ్లకే బాప్తిస్మం ఇవ్వాలన్నది నా నమ్మకం, ఇవాళ్టికీ అంతే. ఒకరోజు సార్ నన్ను లేపి, పసిపిల్లలకు బాప్తిస్మం ఎందుకు ఇస్తారో చెప్పమన్నారు. "పాతకాలం నుంచి వస్తున్న ఆచారం కాబట్టి" అన్నాను. పక్కన కూర్చున్న లూథరన్ మిత్రుణ్ణి చూపించి, "నాకు కాదు, అతను ఒప్పుకునేలా చెప్పు" అన్నారు. ఇంకోసారి ప్రయత్నించాను. మిత్రుడు తల అడ్డంగా ఊపాడు. సార్ వారం గడువిచ్చారు. లైబ్రరీలో కూర్చుని చదివితే అప్పుడు ఎక్కింది. బాప్తిస్మంలో ముందు మాట ఇచ్చేది దేవుడు, మనిషి కాదు. తన కోసం ఏమీ చేసుకోలేని పసిబిడ్డ విషయంలో ఆ కృప ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. వాళ్లు చూసే తీరు అది. మూడోసారి చెప్పాక మిత్రుడు, "అవును, మేం నమ్మేది ఇదే" అన్నాడు. సార్ నా వైపు తిరిగి, "సరే, ఇప్పుడు విభేదించు" అన్నారు.

నేను విభేదించాను. కానీ అప్పటిదాకా నేను వాదిస్తూ వచ్చింది నా మిత్రుడితో కాదని, నేను ఊహించుకున్న ఎవరితోనో అని తెలిసింది. క్లాసులో లూథరన్ కుర్రాణ్ణి, కేథలిక్ బ్రదర్‌ని పక్కపక్కన కూర్చోబెట్టి 1999 అక్టోబర్ 31న ఆగ్స్‌బర్గ్‌లో ఆ రెండు పక్షాలూ సంతకం చేసిన ఉమ్మడి ప్రకటన చదివించారు. నీతిమంతులుగా తీర్చబడటం, అంటే పాపి దేవుని ముందు నీతిమంతుడు కావడం గురించి అందులో వివరించిన బోధకు 16వ శతాబ్దంలో ఒకరి మీద ఒకరు వేసుకున్న ఖండనలు వర్తించవని ఆ ప్రకటన చెబుతుంది. అక్కడిదాకా రావడానికి ఎన్నేళ్లు కూర్చుని ఒకరి మాట ఒకరు విన్నారో ఆలోచించమనేవారు.

దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) గురించి అయితే రోజుల తరబడి చెప్పేవారు. 1919లో తమిళనాట తరంగంబాడిలో మొదలైన ప్రయత్నం 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో సాకారమైంది. ఇరవై ఎనిమిదేళ్లు! దాని కోసం అంత పాటుపడిన దోర్నకల్ బిషప్ అజరయ్య గారు 1945 జనవరి 1నే కన్నుమూశారు, ఆ రోజు చూడలేదు. బిషప్పులున్న ఆంగ్లికన్లు, బిషప్పులు లేని ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు, మెథడిస్టులు ఒక్కటైన సంఘం అది. మా బాప్టిస్టులూ, లూథరన్లూ అందులో చేరలేదు. ఎందుకు చేరలేదో కూడా అంతే గౌరవంగా నేర్పారు.

ఇక సంచిక సంగతి. మొదట్లోనే పెద్ద పొరపాటు చేశాం. వ్యాసాలు అడగాలనుకున్న పద్నాలుగు మందిలో పదకొండు మంది మా రెండు సంఘాల వాళ్లే. మాకు తట్టనే లేదు. మాతో చదివి ఇప్పుడు ఫాదర్‌గా ఉన్న మిత్రుడు జాబితా చూసి, "సార్ దగ్గర చదివింది మీరేనా?" అని నెమ్మదిగా అడిగాడు. సిగ్గేసింది. జాబితా మొత్తం మళ్లీ రాశాం. ఆర్థడాక్స్ అచ్చన్ (వాళ్ల ఫాదర్‌ని అలా పిలుస్తారు) ఒకరు, పెంతెకొస్తు పాస్టర్ ఒకరు వచ్చి చేరారు.

పెంతెకొస్తు పాస్టర్ గారి వ్యాసం వచ్చాక కమిటీలో టెన్షన్ మొదలైంది. సార్ పద్ధతిలో ఉమ్మడి ప్రకటనల్లాంటి పత్రాలకు ఇచ్చినంత చోటు పరిశుద్ధాత్మ పనికి ఇవ్వలేదని ఆయన సూటిగా రాశారు. అభినందన సంచికలో ఇదేం రాత అని కొందరు అభ్యంతరం చెప్పారు. ఒక్క అక్షరం తీయకుండా వేశాం. పుస్తకం చేతికి రాగానే సార్ ముందుగా చదివింది ఆ వ్యాసమే. దానికి నాలుగు పేజీల జవాబు స్వయంగా రాసి పంపారు. మిగతావాళ్లం ఆయన్ని పొగిడాం. మాకు ఒక్కో ఫోన్ వచ్చింది!

ప్రూఫులు దిద్దేటప్పుడు నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. పుస్తకమంతా ఒకేలా ఉండాలని ఫాదర్ గారి వ్యాసంలో 'జ్ఞానస్నానం' అన్నచోటల్లా 'బాప్తిస్మం' అని, 'పవిత్రాత్మ'ను 'పరిశుద్ధాత్మ' అని మార్చేశాను. 'సత్ప్రసాదం' కాస్తా 'ప్రభు రాత్రి భోజనం' అయింది. ఆయన కోప్పడలేదు. "అవి మా అమ్మ నేర్పిన మాటలు. ఆ మాటలతోనే నేను ప్రార్థన చేస్తాను" అన్నారు. ఐక్యత పేరుతో నేను చేసింది అవతలివాళ్లను నాలా మార్చడం. అన్నీ తిరిగి ఆయన మాటల్లోకి పెట్టాను, పుస్తకం చివర రెండు వైపుల మాటలతో ఒక పేజీ పట్టిక చేర్చాం. ఆ పేజీ కోసమే పుస్తకం దాచుకున్నామన్నవాళ్లు ఉన్నారు.

సభ గురించి ఒక్క విషయం. అందరూ వచ్చారు కదా, కలిసి ప్రభు బల్ల (ప్రభు రాత్రి భోజనం) ఆచరిద్దాం అని ఒకరు అన్నారు. కేథలిక్కులకూ, ఆర్థడాక్సు వాళ్లకూ అది కుదరదు. సార్‌ని అడిగితే వద్దన్నారు. "కలిసి తినలేకపోతున్నాం అన్న బాధను దాచొద్దు, ఎవరి మనస్సాక్షినీ నొప్పించొద్దు" అన్నారు. అందుకని తనవాళ్లంతా ఒకటిగా ఉండాలని యేసు ప్రార్థించిన యోహాను సువార్త 17వ అధ్యాయం చదివి, నీసియా విశ్వాస ప్రమాణాన్ని 381 నాటి రూపంలో, అంటే పరిశుద్ధాత్మ 'కుమారుని నుండి' కూడా బయలుదేరుతాడని పాశ్చాత్య సంఘాలు తర్వాత చేర్చిన, ఆర్థడాక్సు వాళ్లు ఒప్పుకోని మాట లేకుండా, అందరం కలిసి చెప్పాం. పక్కనే నిలబడ్డ అచ్చన్ గొంతు ఆ చోట కాస్త వణికింది. ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు. సార్ చాలాసేపు కళ్లు తెరవలేదు.

మీరు ఇప్పుడే మొదలుపెట్టండి, వ్యాసాలు చెప్పిన తేదీకి రావు. ఆయన ఇంగ్లిష్‌లో రాసినవాటిలో ఒకటి రెండు తెలుగులోకి తెస్తే సంఘాల్లో మామూలు విశ్వాసులు కూడా చదువుతారు, మేం అది చేయలేకపోయాం. జాబితా రాసుకున్నాక, క్లాసులో ఆయనతో అందరికంటే ఎక్కువగా వాదించిన విద్యార్థి పేరు అందులో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే మొదటి ఫోన్ ఆ మనిషికే చేయండి.