ప్రశ్న మీది, జవాబు నాది: అంగారకుడికి నంబరు వేసిన మాటలు

రెండు నెలల కిందట ఈ పత్రికలో వచ్చిన నా కథ మీదే ఈసారి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. అందులో భర్త అంగారకుడి మీద పనిచేస్తాడు, భార్య విశాఖలో ఉండిపోతుంది. అన్నిటికీ జవాబు రాసే చోటు లేదు, ఆరు తీసుకున్నాను.

సైన్స్ ఫిక్షన్‌లో సైన్స్ ఉండాలి గానీ మధ్యలో ఈ ప్రేమ గోల ఎందుకని మా అన్నయ్య వాదన. నాకేమో మీ కథలో అదే నచ్చింది. తనకి ఏం చెప్పమంటారు? (ఒక పాఠకురాలు, గాజువాక)

మీ అన్నయ్య చెప్పినదాంట్లో సగం నిజం ఉందమ్మా, ముందు అది ఒప్పుకుంటాను. ఇద్దరు ప్రేమికుల్ని రాకెట్‌లో కూర్చోబెట్టి, కాలేజీ క్యాంటీన్‌లో చెప్పుకునే మాటలే అక్కడా చెప్పిస్తే ఆ రాకెట్ వట్టి సెట్టింగు. నేను ప్రతి కథకీ ఒక పరీక్ష పెట్టుకుంటాను. సైన్స్ తీసేసినా ఈ ఇద్దరి కథ ఇలాగే నడుస్తుందా? నడిస్తే ఆ కథ పక్కన పడేస్తాను.

అంగారకుడు మనకి బాగా దగ్గరికి వచ్చినప్పుడు రేడియో మాట అక్కడికి చేరడానికి 3 నిమిషాలు పడుతుంది, బాగా దూరం వెళ్లినప్పుడు 22 నిమిషాలు. అంటే ‘అన్నం తిన్నావా’ అని అడిగితే ‘తిన్నాను’ అన్న జవాబు 44 నిమిషాలకి వస్తుంది, ఈలోపు కుక్కర్ పెట్టి, విజిల్స్ వచ్చి, ప్రెషర్ దిగి, పిల్లకి అన్నం కలిపి పెట్టేయొచ్చు. మరి అలాంటి చోట మొగుడూ పెళ్లాం పోట్లాడుకునేదెలా? కోపంలో ఒక మాట అనేశాక, తప్పయిపోయింది అని మరుక్షణమే ఇంకో మాట పంపినా మొదటిది ముందే వెళ్లిపోయింది, దాన్ని వెనక్కి లాగడానికి లేదు. అది ఇంకా దారిలోనే ఉందని తెలుసు, ఏ నిమిషానికి ఆయన చెవిన పడుతుందో కూడా తెలుసు, గడియారం చూస్తూ కూర్చోవాలి. నాకు ఇది సైన్స్ కాకుండానూ పోదు, ప్రేమ కాకుండానూ పోదు.

ఇది పుస్తకాలు చదివి రాసింది కూడా కాదు. మా ఆయన మర్చంట్ నేవీలో ఇంజనీరు. పెళ్లయిన కొత్తలో, 1993 ప్రాంతంలో, ఓడ నుంచి ఆయన ఉత్తరం రావడానికి మూడు వారాలు పట్టేది, ఒక్కోసారి నాలుగు. వెనక రాసింది ముందొచ్చేది. ఒకసారి ‘జ్వరం తగ్గింది, కంగారు పడకు’ అన్న ఉత్తరం ముందొచ్చింది, జ్వరం వచ్చిందన్న ఉత్తరం పదకొండు రోజుల తర్వాత అందింది. తగ్గిపోయిందని తెలిసి కూడా ఆ రెండోది చదువుతూ ఏడ్చాను. అప్పట్నుంచి ఇద్దరం కవరు మూల చిన్న అక్షరాల్లో నంబర్లు వేసుకోవడం మొదలుపెట్టాం. ఆయన రాసిన 17వ నంబరు నాకు ఇప్పటికీ చేరలేదు. కథలో ఆవిడ ప్రతి మాటకీ ముందు నంబరు చెప్పడం వింతగా ఉందని చాలామంది రాశారు, అది అక్కణ్ణుంచి వచ్చింది.

ప్రియుడు కాంతి వేగానికి దగ్గరగా ప్రయాణించి తిరిగొచ్చేసరికి ఆమె ముసలిదైపోయి ఉంటుంది, ఇలా ఒక కథ రాశాను. మా ఫ్రెండ్స్ పాత కథే అంటున్నారు. ఏం చెయ్యాలి? (ఇంజనీరింగ్ విద్యార్థి, శ్రీకాకుళం)

పాతదే తమ్ముడూ, ఎంత పాతదంటే భాగవతం తొమ్మిదో స్కంధంలోనే ఉంది. కకుద్మి మహారాజు కూతురు రేవతికి వరుణ్ణి అడుగుదామని ఆమెని వెంటబెట్టుకుని బ్రహ్మలోకం వెళ్తాడు, అక్కడ పాట జరుగుతుంటే అయ్యేదాకా ఆగుతాడు, ఆగిన ఆ కాసేపట్లో భూమ్మీద 27 చతుర్యుగాలు గడిచిపోతాయి. మనసులో అనుకున్న సంబంధాలే కాదు, వాళ్ల మనవలూ, ఆ వంశాల పేర్లూ కూడా మిగల్లేదు. రేవతికి చివరికి బలరాముడితో పెళ్లయింది. ఆ పిల్ల కిందికి దిగి చూసినప్పుడు ఏమనుకుందో మాత్రం ఎవరూ చెప్పలేదు, అది నాకు చిన్నప్పట్నుంచీ బెంగ.

నా సలహా ఏమిటంటే వేగం తగ్గించు. కాంతి వేగానికి దగ్గరయ్యే కొద్దీ నౌకలో కాలం ఇక్కడికంటే నెమ్మదిగా నడుస్తుంది కదా. కాంతి వేగంలో 99 శాతం పెడితే నౌకలో పదేళ్లకి ఇక్కడ 70 ఏళ్లు దాటిపోతాయి, ఇక ఆమె ఏడవడం తప్ప చేసేదేమీ ఉండదు. 80 శాతం పెట్టి చూడు. సూర్యుడి తర్వాత మనకి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా, 4.24 కాంతి సంవత్సరాల దూరం, అంటే కాంతికే అక్కడికి చేరడానికి అన్నేళ్లు పడుతుంది. ఆ వేగంతో వెళ్లి వెంటనే వెనక్కి వస్తే ఇక్కడ 10.6 ఏళ్లు, నౌకలో ఆరేళ్ల నాలుగు నెలలు. ఇద్దరూ పాతికేళ్ల వాళ్లయితే ఆమెకి 35 దాటుతుంది, అతనికి 31. ఇప్పుడు చూడు, నాలుగేళ్ల పైచిలుకు తేడా. పెళ్లికి అడ్డేం కాదు, కానీ అతని అమ్మ ఊరుకుంటుందా? ఆ పదేళ్లూ ఆమెకి సంబంధాలు రాకుండా ఉంటాయా? అతనికి ఆరేళ్ల నాటి మాటగా గుర్తున్నది ఆమెకి పదేళ్ల నాటి మాట, ఇద్దరికీ ఒకేలా గుర్తుంటుందా? కథ అక్కడ ఉంది.

మీ కథలో రెండు వారాల పాటు మాటలు పూర్తిగా ఆగిపోతాయి. అది కల్పనేనా? (మధురవాడ)

కాదండీ. రమారమి 26 నెలలకోసారి సూర్యుడు మనకీ అంగారకుడికీ మధ్యలోకి వస్తాడు. సూర్యుడి చుట్టూ ఉన్న వేడి వాయువు రేడియో సంకేతాల్ని పాడుచేస్తుంది, సగం చెడిపోయిన ఆదేశం అందితే మొదటికే మోసమని నాసా వాళ్లు సుమారు రెండు వారాలు అక్కడ తిరిగే రోవర్లకి, అంటే చక్రాల రోబోలకి, ఆదేశాలు పంపరు.

ఆ భాగం రాసేటప్పుడు నా మనసులో ఉన్నది హుద్‌హుద్. 2014 అక్టోబరు 12న తుఫాను మన ఊరి మీద పడ్డాక కరెంటు లేదు, ఫోన్లు లేవు, మా వీధిలో చెట్టన్నది నిలబడలేదు. మా ఆయన అప్పుడు సింగపూర్ దగ్గర ఓడలో ఉన్నారు. మేం బతికే ఉన్నామని నాలుగు రోజుల దాకా ఆయనకి తెలియలేదు. నాకు ఆ రోజుల్లో కలిగిన బాధ గాలి వల్ల కాదు, ముందు రోజు ఫోన్‌లో మేం మాట్లాడుకున్నదంతా ఇన్వర్టర్ బ్యాటరీ గురించే అని. ఏ మాట ఆఖరిదో తెలిస్తే ఆ మాట వేరుగా ఉండేదా అని చాలాకాలం ఆలోచించాను. కథలో వాళ్లకి ఆ తేదీ ముందే తెలుసు, అయినా చివరి రోజు ఆవిడ గ్యాస్ బండ ఎప్పుడు మార్చిందో చెబుతుంది. ఆ వాక్యం చాలాసార్లు కొట్టేసి మళ్లీ పెట్టాను.

మీరు రోజూ ఏ టైమ్‌లో రాస్తారు? ఇంటిపనితో కుదురుతుందా? (గృహిణి, అనకాపల్లి)

తెల్లవారుజామున నాలుగున్నర నుంచి కుళాయి నీళ్లొచ్చే దాకా, అంటే ఆరు వరకు. నీళ్ల చప్పుడు వినబడగానే పెన్ను మూసేస్తాను, వాక్యం మధ్యలో ఉన్నా సరే. ఆ సగం వాక్యం రోజంతా నాతోపాటే తిరుగుతుంది, ఎంవీపీ కాలనీ రైతు బజార్‌లో వంకాయలు ఏరుతుంటే మిగతా సగం దొరికిన రోజులున్నాయి. రాత్రి మిక్సీ, టీవీ, ఫోన్లు, అప్పుడు రాయడం నా వల్ల కాదు. సాయంత్రం మాత్రం బీచ్ రోడ్డుకి వెళ్తాను. లోపలికి రావడానికి వంతు కోసం ఆగిన ఓడల దీపాలు సముద్రం మీద వరసగా కనిపిస్తాయి, వాటిలో ఒక్కో ఓడలో ఎవరి ఇంటి మనిషో ఉంటాడు. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం లోపలికి కూడా చాలాసార్లు వెళ్లాను. దాని పొడవు 91 మీటర్లు, అందులో 75 మంది దాకా ఉండేవాళ్లు, 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసింది. ఆ ఇరుకు పడకల దగ్గర నిలబడితే నాకు అంతరిక్ష నౌక ఎలా ఉంటుందో వేరే ఊహించుకోనక్కర్లేదు.

నిజంగా అంతరిక్షంలోకి వెళ్లిన ప్రేమ ఏదైనా ఉందా? (పెందుర్తి)

ఉంది. నాసా 1977లో అంతరిక్షంలోకి పంపిన వాయేజర్ నౌకల మీద, ఎప్పటికైనా ఎవరికైనా దొరికితే వింటారని భూమి చప్పుళ్లతో నింపిన బంగారు రికార్డు పెట్టారు. దాని తయారీలో రచయిత్రి యాన్ డ్రూయన్, ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సేగన్ కలిసి పనిచేశారు. 1977 జూన్‌లో ఒక ఫోన్ కాల్‌లో ఇద్దరూ పెళ్లి చేసుకుందాం అనుకున్నారు. ఆ తర్వాత కొన్ని రోజులకే ఆవిడ మెదడు తరంగాల్ని ఒక గంటసేపు రికార్డు చేశారు. ఆ గంటలో ఆవిడ భూమి చరిత్ర గురించి, మనుషుల కష్టాల గురించి తలుచుకుని, చివర్లో ప్రేమలో పడటం ఎలా ఉంటుందో తలుచుకున్నారు. ఆ గంటని ఒక నిమిషానికి కుదించి రికార్డులో పెట్టారు. ఇద్దరికీ 1981లో పెళ్లయింది. సేగన్ 1996లో పోయారు. వాయేజర్ 1 ఇప్పుడు 2,400 కోట్ల కిలోమీటర్లు దాటిపోయింది, అక్కడికి మాట చేరడానికి 23 గంటలకి పైనే. అదే రికార్డులో 55 భాషల్లో పలకరింపులున్నాయి, వాటిలో తెలుగు కూడా ఉంది. ఆ అమ్మాయి మనసూ మన తెలుగు మాటా ఒకే పళ్లెం మీద వెళ్తున్నాయన్నది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మీవారు మీ కథలు చదువుతారా? (పేరు వద్దన్న పాఠకురాలు, సీతమ్మధార)

మొదట చదివేది ఆయనేనండీ. ఇంజన్ రూమ్ గురించి తప్పు రాస్తే పెన్సిల్‌తో గీత పెడతారు, ప్రేమ గురించి ఏమీ అనరు. ఈ కథ చదివాక మాత్రం కాసేపు ఊరుకుని, 17వ నంబరులో ఏం రాశానో గుర్తుందా అని ఆయనే అడిగారు. నాకు అందితేగా గుర్తుండటానికి, అన్నాను. బ్రెజిల్‌లో దిగినప్పుడు నీకని కాఫీ పొడి కొన్నాను, వాసన పోతుందేమోనని డబ్బాకి రెండు మూతలు వేశానని రాశాను అన్నారు. ఆ డబ్బా అప్పట్లోనే వచ్చింది. రెండు మూతలు ఎందుకున్నాయో నాకు ఇన్నేళ్లూ తెలియలేదు.