ఆ గడిని ఖాళీగానే ఉంచండి

ప్రశ్న: మా ఊళ్లో ఒక ట్యూషన్ సెంటర్‌కి పీహెచ్‌పీలో ఫీజుల వెబ్‌సైట్ చేస్తున్నాను. తల్లిదండ్రులు ఫోన్ నంబరు, అడ్రసు మార్చుకునే పేజీలో పాస్‌వర్డ్ గడి కూడా పెట్టాను. అది ఖాళీగా ఉండగా సేవ్ నొక్కితే పాత పాస్‌వర్డ్ పోతోంది. పాతదాన్నే అందులో నింపి చుక్కలుగా చూపిస్తే సరిపోతుందా సార్?
— ఒక పాఠకుడు, జనగామ

జవాబు: వద్దు తమ్ముడూ. ఆ చుక్కలు పక్కవాడి కంటికి మాత్రమే అడ్డు. పేజీ సోర్స్ తెరిస్తే అందులో ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది. అసలు నింపడానికి పాత పాస్‌వర్డ్ మీ దగ్గర ఉందంటేనే నాకు భయంగా ఉంది. డేటాబేస్‌లో ఉండాల్సింది దాని హ్యాష్ మాత్రమే, అంటే తిరిగి పాస్‌వర్డ్‌గా మార్చడానికి వీల్లేని అక్షరాల వరుస.

2009లో ఒక హాస్టల్ సైటుకి నేనూ ఇలాగే చేశాను. గడిలో హ్యాష్‌నే నింపాను. అడ్రసు మార్చి సేవ్ చేసిన ప్రతి ఒక్కరికీ ఆ హ్యాష్‌కే మళ్లీ హ్యాష్ పడింది. మెస్ బిల్లు కట్టే చివరి రోజు నలభై మందికి పైగా పిల్లలకి లాగిన్ అవలేదు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి కొత్త పాస్‌వర్డ్ పెట్టించేసరికి రాత్రి పదకొండయింది. ఆ పిల్లల టెన్షన్ నాకింకా గుర్తుంది.

మీ సమస్యకి చిన్న మార్పు చాలు: గడి ఖాళీగా వస్తే డేటాబేస్‌లో పాస్‌వర్డ్ కాలమ్ జోలికి వెళ్లకుండా మిగతావి మాత్రమే అప్‌డేట్ చేయండి. నన్నడిగితే పాస్‌వర్డ్ మార్పుకి వేరే పేజీ పెట్టి, ముందు పాతది అడగండి. నెట్ సెంటర్లో లాగౌట్ చేయడం మరిచిపోయే తల్లిదండ్రులు ఉంటారు కదా. ఇంకో చిక్కుంది. ఖాళీ గడి కనబడితే బ్రౌజర్ తన దగ్గర దాచుకున్న పాస్‌వర్డ్‌ని తనే నింపేస్తుంది. అందుకని కొత్తది రాసే గడికి ఆటోకంప్లీట్ విలువ 'న్యూ-పాస్‌వర్డ్' అని ఇవ్వండి.

వేరే గడిలో తప్పుండి ఫారం వెనక్కి వచ్చినా, పాస్‌వర్డ్‌ని మాత్రం తిరిగి నింపకండి. మళ్లీ కొట్టే కష్టం తగ్గాలంటే కన్ను గుర్తు బటన్ పెట్టండి. పేస్ట్ చేయడాన్ని ఆపకండి.

హ్యాష్‌కి మీరు సొంతంగా ఏమీ రాయక్కర్లేదు. 2013లో వచ్చిన పీహెచ్‌పీ 5.5 నుంచి అందుకు ఫంక్షన్ అందులోనే ఉంది. అది మామూలుగా వాడే బీక్రిప్ట్ అనే హ్యాష్ పద్ధతి పాస్‌వర్డ్‌లో మొదటి 72 బైట్ల వరకే చూస్తుంది. వెబ్‌లో మామూలుగా వాడే యూనికోడ్ రూపం యూటీఎఫ్-8లో తెలుగుకి ఒక్కో గుర్తుకి 3 బైట్లు. 'అమ్మ' అంటేనే అ, మ, పొల్లు, మ కలిపి 12. పొడవాటి తెలుగు వాక్యం పెట్టేవాళ్లుంటే ఈ లెక్క చూసుకోండి.

ముందు ఈ రోజే డేటాబేస్ తెరిచి ఆ కాలమ్ చూడండి. పాస్‌వర్డ్‌లు చదవగలిగేలా కనిపిస్తే, ఫారం సంగతి పక్కన పెట్టి వాటిని హ్యాష్ చేయండి. పాత బ్యాకప్ ఫైళ్లలో కూడా అవి ఉంటాయి, మరిచిపోకండి.